ట్రాక్టరు ట్రక్కు విద్యుత్ జాకీ

ట్రాక్టరు నుండి విడదీసిన రెండు చక్రాల ట్రక్కు ముందుభాగాన్ని నేలపై నిలబెట్టడానికి, తిరిగి తగిలించేటప్పుడు కావలసిన ఎత్తుకు లేపడానికి, దించడానికి వాడే సాధనాన్ని ట్రక్కు జాకీ అంటారు. చేతిపిడితో తిప్పడానికి బదులు 12 వోల్టుల మోటారుతో నడిచే జాకీని విద్యుత్ జాకీ అని వ్యవహరిస్తారు. ఉత్తర అమెరికాలో విహారయాత్రల బండ్లకు, పడవలను మోసుకుపోయే బండ్లకు ఇది మామూలు పరికరం. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ట్రక్కులకు చేతితో తిప్పే మర జాకీ, ఇనుప పైపు ఊత, లేదా రాళ్ళ మీద పెట్టిన చిన్న హైడ్రాలిక్ జాకీ ఎక్కువగా కనిపిస్తాయి.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడి, నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఈ పరికరం ఎంపిక ఒక ప్రత్యేకమైన సమస్య. ఇక్కడ ఒకే ట్రక్కును పొద్దున నల్లరేగడి చేనులోనూ, మధ్యాహ్నం నాపరాళ్ళు పరచిన ముంగిట్లోనూ, సాయంత్రం సిమెంటు రోడ్డు మీదా నిలపవలసి రావచ్చును. ఎంత బలమైన మోటారు ఉన్నా, పాదం కింది నేల ఓర్చుకోలేకపోతే జాకీ వ్యర్థం. కనుక జాకీని ఎంచుకొనేటప్పుడు మొదట చూడవలసినది నేలను, ఆ తరువాతనే మోటారును.

జాకీపై పడే బరువు

నాలుగు చక్రాల ట్రక్కుకు జాకీ అవసరం దాదాపు లేదు. దాని బరువంతా తన చక్రాలపైనే ఉంటుంది. రెండు చక్రాల ట్రక్కు సంగతి వేరు. దాని బరువులో కొంత ఇరుసుపైనా, కొంత ముందుకొసన ఉండే రింగు ద్వారా ట్రాక్టరు కొక్కెంపైనా పడుతుంది. ట్రాక్టరును విడదీసిన క్షణంలో ఆ రెండవ భాగం మొత్తం జాకీ మీదికి వస్తుంది.

ఎడ్లబండి తోలినవారికి ఈ సూత్రం కొత్త కాదు. బండిలో బరువు ముందుకు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలను నొక్కుతుంది. వెనుకకు ఎక్కువైతే కాడి పైకి లేచి పలుపులు ఎడ్ల గొంతుకు బిగుస్తాయి. బరువును ఇరుసుకు కొద్దిగా ముందుకు ఉండేటట్లు సర్దడమే బండి కట్టేవాని నేర్పు. ట్రాక్టరు ట్రక్కుకు వర్తించేదీ ఇదే లెక్క; అంకెలు మాత్రమే పెద్దవి.

ఒక ఉదాహరణ. ట్రక్కు తొట్టి పొడవు 3 మీటర్లు, ఇరుసు నుండి కొక్కెం వరకు దూరం 3.6 మీటర్లు అనుకొందాం. టిక్కీ 40 కిలోల చొప్పున 100 మిర్చి టిక్కీలు ఎత్తితే సరుకు 4,000 కిలోలు. ఆ సరుకు మధ్యబిందువు ఇరుసుకు అర మీటరు ముందున్నదనుకొంటే, కొక్కెంపై పడే బరువు 4,000 ను 0.5 తో హెచ్చించి 3.6 తో భాగించగా వచ్చే సుమారు 555 కిలోలు. ఖాళీ ట్రక్కు తనంతట తాను ముందుకొసన మోపే బరువు 100 కిలోలు కలిపితే 655 కిలోలు. జాకీ మోయవలసిన బరువు ఇది. సరుకు బరువు 4 టన్నులు కనుక జాకీ కూడా 4 టన్నులది కావాలని కొందరు పొరబడతారు. మరికొందరు ఖాళీ ట్రక్కును లేపి చూసి, అదే చాలుననుకొంటారు. రెండూ సరికావు.

దించేటప్పుడు ఈ లెక్క మారిపోతుంది. పై ఉదాహరణలో వెనుక సగం సరుకును ముందుగా దించినారనుకొందాం. మిగిలిన 2,000 కిలోల మధ్యబిందువు ఇరుసుకు 1.25 మీటర్లు ముందుకు జరుగుతుంది. అప్పుడు ముందుకొసపై పడేది సుమారు 694 కిలోలు, ట్రక్కు సొంత బరువుతో కలిపి 794 కిలోలు. సరుకు సగమైనా జాకీపై భారం పెరిగినది! సాధారణంగా కూలీలు వెనుక తలుపు తీసి అటునుండే దించుతారు కనుక ఇది అరుదైన పరిస్థితి కాదు, ప్రతి దిగుమతిలోనూ జరిగేదే. పొద్దున గట్టిగా నిలిచిన జాకీ సగం సరుకు దిగిన తరువాత నేలలోకి దిగడానికి కారణం ఇక్కడ ఉన్నది.

దీనికి తలకిందులుగా ముందు సగాన్ని మొదట దించితే, వెనుక మిగిలిన 2,000 కిలోల మధ్యబిందువు ఇరుసుకు పావు మీటరు వెనుకకు పోతుంది. ముందుకొసపై భారం మైనస్ 139, సొంత బరువు 100 కలిపితే మైనస్ 39 కిలోలు. అనగా ట్రక్కు ముందుకొస గాలిలోకి లేస్తుంది, వెనుక నిలబడినవారిపై తొట్టి ఒరుగుతుంది. జాకీ కింది నుండి మోయగలదే గాని, పైకి లేచేదానిని పట్టి ఆపలేదు. ట్రాక్టరు తగిలించి ఉండగానే దించడం, లేదా ముందూ వెనుకా సమంగా దించుతూ రావడం తప్ప దీనికి ఉపాయం లేదు.

నిర్మాణం, పనిచేసే విధానం

విద్యుత్ జాకీలో ఒకదానిలో ఒకటి దూరే రెండు ఉక్కు గొట్టాలు ఉంటాయి. లోపలి గొట్టానికి నడుమ నిలువుగా ఒక మర ఉంటుంది. పైన ఉన్న చిన్న మోటారు పళ్ళచక్రాల ద్వారా ఆ మరను నెమ్మదిగా తిప్పగా, లోపలి గొట్టం కిందికి దిగి నేలను తన్నుతుంది, ట్రక్కు ముందుభాగం పైకి లేస్తుంది. మీట వెనుకకు నొక్కితే మోటారు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. మంచి జాకీలకు కరెంటు లేనప్పుడు చేతితో తిప్పడానికి పిడి, రాత్రిపూట పనికి చిన్న దీపం, మట్టం చూపే గాజుబుడగ ఉంటాయి. వీటిలో మొదటిది తప్పనిసరి, మిగిలిన రెండూ సౌకర్యాలు మాత్రమే.

ఈ మర పళ్ళు సన్నటి వాలుతో ఉంటాయి. ఆ వాలు కన్నా రాపిడి ఎక్కువ కావడంతో మోటారు ఆగినా బరువు మరను వెనుకకు తిప్పలేదు. అందువల్ల జాకీ ఎంతసేపు నిలిపినా తనంతట తాను కుంగదు. బ్రామా 1795లో పేటెంటు పొందిన నీటిప్రెస్సు సూత్రంపై, 1851లో రిచర్డ్ డడ్జన్ పేటెంటు పొందిన హైడ్రాలిక్ జాకీకి ఈ గుణం లేదు. అది తక్కువ శ్రమతో ఎక్కువ బరువును లేపుతుంది గాని, లోపలి వాషరు అరిగితే నూనె కారి, తెల్లవారేసరికి ట్రక్కు ముక్కు నేలకు ఆనుతుంది. లేపడానికి హైడ్రాలిక్ జాకీ, రాత్రంతా నిలపడానికి మర జాకీ అని స్థూలంగా చెప్పవచ్చును. రాపిడి వల్ల మరలో శక్తి సగానికి పైగా వృథా అవుతుంది. కుంగకుండా నిలవడానికి చెల్లించే మూల్యం అది.

విద్యుత్ జాకీ వల్ల కలిగే అసలు లాభం చేతిశ్రమ తగ్గడం కాదు. తగిలించేటప్పుడు ట్రక్కు రింగు ట్రాక్టరు కొక్కెం ఎత్తుకు సరిపోకపోతే, ఒక మనిషి ట్రాక్టరుకూ ట్రక్కుకూ నడుమ నిలబడి రింగును చేతులతో ఎత్తిపట్టగా, మరొకరు ట్రాక్టరును వెనుకకు తోలడం పల్లెలలో మామూలు. డ్రైవరు కాలు ఒక్క క్షణం క్లచ్చి మీద నుండి జారితే నడుమనున్నవాడు నలిగిపోతాడు. జాకీతో ఎత్తును ముందుగానే సరిచేసి, పక్కకు వచ్చి నిలబడి, ట్రాక్టరు పూర్తిగా ఆగి బ్రేకు వేసిన తరువాతనే పిన్ను దించడానికి లోపలికి పోవాలి. ఈ క్రమం పాటించినప్పుడే జాకీకి పెట్టిన డబ్బు దక్కినట్లు. చేతి మర జాకీతోనూ ఈ క్రమాన్ని పాటించవచ్చును. తిప్పడం బద్ధకమై చాలామంది పాటించరు, అంతే తేడా.

పాదం, నేల

జాకీ అడుగున ఉండే ఇనుప పలకను పాదం అంటారు. సాధారణంగా ఇది 15 సెంటీమీటర్ల చదరం, అనగా 225 చదరపు సెంటీమీటర్లు. పై ఉదాహరణలోని 794 కిలోలను సుమారు 800 అనుకొంటే, ప్రతి చదరపు సెంటీమీటరు నేలపై 3.5 కిలోల ఒత్తిడి పడుతుంది. నేల అంత ఒత్తిడికి తట్టుకోగలదా అన్నదే ప్రశ్న.

నల్లరేగడి నేల పల్నాడులో ప్రత్తికి, మిరపకు ఆధారం. ఈ మట్టిలోని మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను రేణువులు నీటిని పీల్చి ఉబ్బుతాయి, ఎండినప్పుడు కుంచించుకొని నెర్రెలు విచ్చుతాయి. ఇళ్ళ పునాదుల లెక్కలలో ఎండిన నల్లరేగడికి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒకటిన్నర కిలోల భారాన్ని, బొటనవేలు నొక్కితే సులభంగా లోపలికి దిగే మెత్తని బంకమట్టికి అర కిలో భారాన్ని మాత్రమే అనుమతిస్తారు. జాకీ మోపే మూడున్నర కిలోలతో పోలిస్తే ఎండిన నేల కూడా చాలదు. పైగా ఆ విలువలు కదలించని మట్టికి సంబంధించినవి. దున్నిన చేను పై అడుగు మట్టి అంతకన్నా వదులుగా ఉంటుంది కనుక, దుక్కిలో ట్రక్కును విడదీయకపోవడమే మంచిది.

పరిష్కారం తేలికైనదే. పాదం కింద వెడల్పైన చెక్క వేయాలి. 800 కిలోలను ఒకటిన్నరతో భాగిస్తే 533 చదరపు సెంటీమీటర్లు వస్తుంది కనుక, ఎండిన నేలకు 25 సెంటీమీటర్ల చదరపు చెక్క సరిపోతుంది. తడి నేలకు 1,600 చదరపు సెంటీమీటర్లు కావాలి, అనగా కనీసం 40 సెంటీమీటర్ల చదరం. 45 అయితే ఇంకా మేలు. చెక్క పలుచనైతే నడుమ వంగి అంచులు లేస్తాయి, అప్పుడు వెడల్పు ఉన్నా ప్రయోజనం ఉండదు. రెండంగుళాల మందం ఉన్న తుమ్మచెక్క ఈ పనికి చక్కగా ఉపకరిస్తుంది. రెండు పలకలను అడ్డంగా, నిలువుగా ఒకదానిపై ఒకటి వేసి మేకులు కొడితే చీలదు. ఇటుకలు, గుండ్రాళ్ళు వాడరాదు. ఇటుక హఠాత్తుగా పగులుతుంది, రాయి ఒరుగుతుంది.

ఈ నేలలో మోసం తడిలో కన్నా మార్పులో ఎక్కువ. మిర్చి కోతలు జరిగే ఫిబ్రవరి, మార్చి నెలలలో కళ్ళంలో టిక్కీలు ఎత్తిన ట్రక్కును సాయంత్రం గట్టినేల మీద నిలుపుతారు. ఆ రాత్రి అకాల వర్షం పడితే నీరు నెర్రెలలోకి సూటిగా దిగి, పాదం కింది మట్టిని అడుగునుండి మెత్తబరుస్తుంది. పైకి పొడిగా కనిపించే టార్పాలిన్ నీడలోనే జాకీ ఒకవైపుకు దిగబడి, బొత్తిగా ఎత్తు వేసిన టిక్కీల బరువుతో ట్రక్కు ఒరుగుతుంది. తడిసిన మిర్చి రంగు పోయి బూజుపట్టి, ధరలో ఎంతో నష్టం వస్తుంది. అందుచేత ఎండు నేలపై నిలిపినా తడి నేల లెక్క ప్రకారమే చెక్క వేయడం వివేకం. నెర్రె మీద పాదం మోపకుండా ఒక అడుగు పక్కకు జరపడం కూడా మరువరాదు.

గరుసు నేలలు, ఎర్రనేలలు ఈ ఇబ్బందిని అంతగా కలిగించవు. బాగా తొక్కిన గరుసుపై చిన్న చెక్క చాలు. పాదం పెద్ద రాయి అంచు మీద పడకుండా చూస్తే సరి.

నాపరాయి సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతాలలో సున్నపురాయి పొరలు విస్తారంగా ఉన్నాయి, ఇళ్ళ ముంగిళ్ళలోనూ అరుగులపైనా నాపరాళ్ళు పరచడం ఇక్కడి వాడుక. రాయి గట్టిది కనుక జాకీకి ఇంతకన్నా మంచి నేల లేదనిపిస్తుంది. అయితే ముంగిలిలో పరచిన బండ సాధారణంగా నాలుగైదు సెంటీమీటర్ల మందానికి మించదు, దాని కింద ఉన్నది అదే నల్లమట్టి లేదా ఇసుక. వర్షాలకు కింది మట్టి కొట్టుకుపోయిన చోట బండ గాలిలో తేలుతూ ఉంటుంది. నాపరాయి నొక్కుడుకు ఓర్చుకొంటుంది గాని వంపుకు ఓర్చుకోదు. డొల్లగా ఉన్న బండ నడుమ 800 కిలోల బరువు పడితే ముందస్తు సూచన ఏదీ లేకుండా ఫెళ్ళున పగులుతుంది, జాకీ ఒక్కసారిగా జారిపోతుంది. మట్టినేల నెమ్మదిగా కుంగి మనిషికి వ్యవధి ఇస్తుంది, నాపరాయి ఇవ్వదు. బండను కర్రతో తట్టి చూస్తే డొల్లచోటు శబ్దంలో తెలిసిపోతుంది. బండల అతుకుల దగ్గర, అంచుల దగ్గర పాదం మోపరాదు. పొడవాటి చెక్కను రెండు మూడు బండలపై ఆనేటట్లు వేసి దానిపై మోపడం క్షేమకరం.

సిమెంటు రోడ్డు కుంగదు. మామూలు కాంక్రీటు తట్టుకొనే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 200 కిలోల వరకు ఉంటుంది, జాకీ మోపేది దానిలో యాభయ్యవ వంతు కూడా కాదు. ఇక్కడి ప్రమాదం జారడం. ఇనుప పాదం నునుపైన సిమెంటుపై సులభంగా జారుతుంది. రోడ్డు 20 అడుగులకు ఒక అడుగు వాలి ఉన్నా, అయిదున్నర టన్నుల ట్రక్కును పల్లానికి నెట్టే బలం 275 కిలోలు. ఆ బలం పూర్తిగా చాపిన జాకీ కాలిని పక్కకు విరుస్తుంది. జాకీ నిలువు బరువుకు తయారైనదే గాని బ్రేకు కాదు. ట్రాక్టరును విడదీయకముందే రెండు చక్రాలకూ ముందూ వెనుకా అడ్డుదిమ్మెలు వేయడం ఏ నేలపైననైనా మొదటి పని, సిమెంటు రోడ్డుపై మరీ ముఖ్యం. పాదం కింద పాత టైరు ముక్క వేస్తే జారదు.

తారు రోడ్డు చలికాలంలో సిమెంటు వంటిది, వేసవిలో బంకమట్టి వంటిది. రోడ్లకు వాడే తారు సుమారు 47 నుండి 50 డిగ్రీల సెల్సియస్ వద్దనే మెత్తబడసాగుతుంది. ఎండలకు పేరుపడిన రెంటచింతల వంటి చోట గాలి వేడి 45 డిగ్రీలు ఉన్ననాడు నల్లని రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. అటువంటి మధ్యాహ్నం నిలిపిన జాకీ సాయంత్రానికి తారులో గుంట చేసుకొని, రాత్రి చల్లబడినప్పుడు అందులో బిగిసిపోతుంది. ఆ స్థితిలో మోటారును బలవంతంగా తిప్పితే ఫ్యూజు పోవచ్చు లేదా పళ్ళచక్రం అరగవచ్చు. ఇక్కడా చెక్కే మందు. అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి వంటి వాహనాల రద్దీ ఉన్న చోట, నేల ఎంత బాగున్నా, ట్రక్కును రోడ్డుపై విడదీసి వదలడం అనర్థం. రాత్రివేళ దీపాలు లేని ట్రక్కును వెనుకనుండి వచ్చే వాహనం గుద్దితే జాకీ చేయగలిగినదేమీ ఉండదు.

కాలువ కట్టలు మరొక రకం. 1967లో నీరు విడుదలైన నాగార్జునసాగర్ కుడికాలువ, దాని మేజర్లు, మైనర్లు పల్నాడులో చాలా దూరం పారుతాయి. కట్టలపై బాటలు రైతుల రాకపోకలకు వాడుకలో ఉన్నాయి. కట్ట అంచున మట్టికి ఒకవైపు ఆధారం ఉండదు కనుక, పైకి గట్టిగా ఉన్నా బరువుకు పక్కకు జారుతుంది. కట్ట ఎత్తు ఎంతో అంచునుండి కనీసం అంత దూరం లోపలికి పాదం ఉండేటట్లు చూడాలి. బాట వెడల్పు అందుకు చాలకపోతే అక్కడ ట్రక్కును విడదీయరాదు.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల ఆవరణలలో నేలంతా సున్నపు పొడి పేరుకొని ఉంటుంది. పైన గట్టి పెచ్చు కట్టినా లోపల పొడి మెత్తనే. పెచ్చును పారతో తీసివేసి, కింది నేల మీద చెక్క వేయాలి.

నీటి ట్యాంకరు, ప్రభ బండి

వేసవిలో పల్లెలకు మంచినీరు సరఫరా చేసే ట్యాంకరు ట్రక్కులకు ఒక ప్రత్యేకత ఉన్నది. టిక్కీలు పెట్టినచోట ఉంటాయి, నీరు ఉండదు. సగం నిండిన ట్యాంకరు ముందుకొసను జాకీతో ఎక్కువగా పైకి లేపితే నీరంతా వెనుకకు పోయి, మధ్యబిందువు ఇరుసు వెనుకకు జరిగి, ట్యాంకరు వెనుకకు తిరగబడవచ్చును. అడుగున మిగిలిన నీరు కూడా కుళాయి నుండి రావాలని ముందుభాగాన్ని ఎత్తడం చాలాచోట్ల అలవాటు. అది ప్రమాదకరం. ట్యాంకరును మట్టంగా నిలపాలి. పైన చెప్పిన గాజుబుడగ నిజంగా ఉపయోగపడేది ఇటువంటి చోటనే. రోజుకు పది పన్నెండు సార్లు తగిలించి విడదీసే బండికి విద్యుత్ జాకీ పెట్టడంలో అర్థం ఉన్నది.

నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండ తిరునాళ్ళకు మహాశివరాత్రి నాడు చుట్టుపక్కల గ్రామాలవారు ఎత్తైన విద్యుత్ ప్రభలను కట్టి తీసుకువస్తారు. పూర్వం ఎడ్లు లాగేవి, ఇప్పుడు పెద్ద ప్రభలను ట్రాక్టర్లు లాగుతాయి. నేల కొద్దిగా కుంగడం ఎత్తైన కట్టడంలో ఎంత తేడా తెస్తుందో ప్రభను బట్టి సులభంగా గ్రహించవచ్చును. ప్రభ ఎత్తు 25 మీటర్లు, బండి వెడల్పు 2 మీటర్లు అనుకొంటే, ఒకవైపు నేల 2 సెంటీమీటర్లు దిగితే శిఖరం 25 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. గాలి తోడైతే చెప్పనక్కర లేదు. ఇటువంటి బండిని ఒక్క జాకీపై నిలపడానికి వీలులేదు. నాలుగు మూలలా వెడల్పైన చెక్కలపై ఊతలు, పైనుండి నలుదిక్కులా మోకులు ఉండాలి. ట్రక్కు జాకీలు లేపడానికి, మట్టం సరిచేయడానికి మాత్రమే.

విద్యుత్తు

ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులది, విద్యుత్ జాకీ కూడా సాధారణంగా అంతే. 750 కిలోలను సెకనుకు 8 మిల్లీమీటర్ల వేగంతో లేపడానికి కావలసిన శక్తి సుమారు 60 వాట్లు. మర, పళ్ళచక్రాలు, మోటారు అన్నింటిలో పోయే వృథాను లెక్కిస్తే నాలుగింతలు, అనగా 240 వాట్లు తీసుకొంటుంది. 12 వోల్టుల వద్ద అది 20 ఆంపియర్లు. 30 సెంటీమీటర్లు లేపడానికి ముప్పావు నిమిషం కూడా పట్టదు కనుక ఖర్చయ్యేది 0.2 ఆంపియర్-గంటలు మాత్రమే. 75 ఆంపియర్-గంటల బ్యాటరీకి ఇది లెక్కలోనిది కాదు.

లెక్కలోనిది తీగ మందం. బ్యాటరీ నుండి జాకీ వరకు పోయివచ్చే తీగ మొత్తం 12 మీటర్లు ఉంటే, ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 20 ఆంపియర్లకు 1.7 వోల్టులు తరుగుతాయి. మోటారుకు చేరేది పది వోల్టుల చిల్లర. అది మూలుగుతూ తిరిగి వేడెక్కుతుంది, యజమాని జాకీ మంచిది కాదనుకొంటాడు. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే తరుగు 0.7 వోల్టులకు దిగుతుంది. బ్యాటరీ వద్దనే 30 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి.

మరొక చిక్కు చాలామందికి కొన్న తరువాత గుర్తుకు వస్తుంది. ట్రాక్టరును విడదీసిన తరువాత కరెంటు కూడా ట్రాక్టరుతోనే పోతుంది. కనుక జాకీని దించి బరువు ఎత్తిన తరువాతనే ప్లగ్గు తీయాలి, తిరిగి తగిలించేటప్పుడు ట్రాక్టరు దగ్గరకు రాగానే ముందు ప్లగ్గు పెట్టి, ఎత్తు సరిచేసి, ఆపై వెనుకకు తోలాలి. తీగ అందుకు తగినంత పొడవు ఉండాలి. ట్రక్కుకే వేరుగా చిన్న బ్యాటరీ పెట్టవచ్చు గాని, నెలల తరబడి ఎండలో ఖాళీగా ఉండే ట్రక్కుపై అది త్వరగా చెడిపోతుంది. చేనులో వదిలితే దొంగల పాలయ్యే భయమూ ఉన్నది.

ఎంపిక

జాకీ మోయగల బరువు, ముందుకొసపై పడే అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. పై ఉదాహరణలో 794 కిలోలకు 1,200 కిలోలు. విహారబండ్ల కోసం తయారయ్యే 3,500 పౌండ్ల రకం, అనగా సుమారు 1,590 కిలోలది, దీనికి సరిపోతుంది. అయితే ఆ జాకీలు చదునైన విడిదిస్థలాల కోసం రూపొందినవి. వాటి పాదాలు చిన్నవి, కాలు పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. ట్రాక్టరు ట్రక్కు ముందుకొస ఎత్తు, నేలలో దిగబడే లోతు, చెక్క మందం కొలుచుకొని గాని కాలు పొడవు నిర్ణయించుకోరాదు. కాలు ఎంత ఎక్కువ చాపితే అంత బలహీనం. కావలసిన ఎత్తులో కొంత భాగాన్ని చెక్క దిమ్మెలతో పూరించి, జాకీని సగం మాత్రమే చాపడం మేలు.

ట్రక్కు ప్రయాణంలో ఉన్నప్పుడు కాలు నేలకు తగలకుండా పూర్తిగా ముడుచుకోవాలి లేదా పక్కకు మడిచి పిన్ను వేసే వీలు ఉండాలి. చేలగట్లు దాటే ట్రక్కులకు ఇది మోటారు కన్నా ముఖ్యం. గట్టుకు కొట్టుకొని వంగిన గొట్టం మళ్ళీ లోపలికి దూరదు.

సంవత్సరంలో కొన్నిసార్లు మాత్రమే ట్రక్కును విడదీసే రైతుకు విద్యుత్ జాకీ అవసరమని చెప్పలేము. మంచి చేతి మర జాకీ, రెండు తుమ్మచెక్కలు, నాలుగు అడ్డుదిమ్మెలు అతనికి చాలును. ట్యాంకర్లకు, జనరేటర్లు మోసే ట్రక్కులకు, ఒంటరిగా పనిచేసే డ్రైవర్లకు, పిడి తిప్పలేని వయసువారికి విద్యుత్ జాకీ ఉపయోగకరం. ఎవరు ఏది కొన్నా, చెక్కలను ట్రక్కుకే గొలుసుతో కట్టి ఉంచడం అవసరం. విడిగా ఉంచిన చెక్క పొయ్యిలోకి పోతుంది.

పరిరక్షణ

నల్లమట్టి, సున్నపు పొడి, మిర్చి దుమ్ము మర పళ్ళలో చేరితే రాపిడి పెరిగి మోటారుపై భారం ఎక్కువవుతుంది. పంటకాలం ముందు, తరువాత మరను పూర్తిగా చాపి తుడిచి గ్రీజు రాయాలి. వానాకాలంలో మోటారు మూతపై రబ్బరు పట్టీ సరిగా ఉన్నదో లేదో చూడాలి. చేతిపిడిని ఏడాదికి ఒకసారైనా తిప్పి చూడడం మంచిది. తుప్పుపట్టి బిగిసిన పిడి కరెంటు పోయిననాడు అక్కరకు రాదు. లేపిన ట్రక్కు కింద టైరు మార్చడానికో, పంక్చరు చూడడానికో దూరవలసి వస్తే, జాకీని నమ్మక, ఇరుసు కింద విడిగా బలమైన దిమ్మెలు పేర్చిన తరువాతనే దూరాలి.